సి షిఫ్టులో సర్వర్



జంషెడ్‌పూర్‌లో రాత్రి పదింటికి బి షిఫ్టు దిగుతుంది, సి షిఫ్టు ఎక్కుతుంది. సాక్చీ, బిష్టుపూర్ వైపు రోడ్ల మీద డ్యూటీకి వెళ్ళేవాళ్ళు, డ్యూటీ దిగి వచ్చేవాళ్ళు ఎదురెదురు పడతారు. 1912లోనే ఎనిమిది గంటల పనిదినం వచ్చిన ఊరిది. బ్లాస్ట్ ఫర్నేసును సాయంత్రం ఆర్పి పొద్దున వెలిగించడం కుదరదు. అందుకే ఒకరి తర్వాత ఒకరు రాత్రంతా కాపలా కాస్తారు. దిగేవాడు లాగ్‌బుక్కులో రాస్తాడు, ఎక్కేవాడు అది చదివాకే పనిలోకి దిగుతాడు. ఏ వాల్వు మొరాయించింది, ఏ మోటారు వేడెక్కింది అన్నది నోటిమాటగా పోకుండా కాగితం మీద ఉంటుంది.

అదే వేళకు ఖర్కాయ్ నది అవతల ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో చిన్న కార్ఖానాల ఆఫీసులకు తాళాలు పడి ఉంటాయి. వాటిలో చాలా వరకు టాటా మోటార్స్ లారీలకు కావలసిన విడిభాగాలు చేసేవి, లేదా అవి చేసేవాళ్ళకు సరుకు అందించేవి. తాళం వేసిన అలాంటి ఒక గదిలో ఓ మూల ఫైళ్ళ బీరువా పక్కన సర్వర్ ఒకటి నడుస్తూ ఉంటుంది. దాని చిన్న ఆకుపచ్చ దీపం మినహా గదిలో వెలుగు ఉండదు. రాత్రి పదకొండున్నరకు అదీ తన సి షిఫ్టు మొదలుపెడుతుంది. తనలో ఉన్నదంతా పక్కనున్న మరో డిస్కు మీదికి నకలు తీసుకుంటుంది. దాన్నే బ్యాకప్ అంటాం. చూసే మనిషి ఉండడు, సంతకం పెట్టే మనిషీ ఉండడు.

ఈ ఊరికీ లెక్కల యంత్రాలకూ చుట్టరికం పాతదే. 1968లో టీసీఎస్ మొదలైనప్పుడు దాని తొలి పనుల్లో ఒకటి టిస్కోకు, అంటే ఈ ఊరి స్టీలు ప్లాంటుకు, పంచ్ కార్డుల మీద లెక్కలు చేసిపెట్టడం. కార్డు చేతికి తగిలేది. చిల్లులు పడ్డ అట్టముక్కల కట్ట పోతే పోయిందని కంటికి తెలిసేది. ఇప్పటి సర్వర్‌లో పోయినదేదో కంటికి తెలియదు. డిస్కు లోపల ఓ భాగం చెడిపోయినా పెట్టె అలాగే కూర్చుని ఉంటుంది, దీపం అలాగే వెలుగుతుంది.

ఆ పెట్టెలో ఏముంటుంది? మొదటిది టాలీ అనే లెక్కల ప్రోగ్రాము. అందులో అమ్మకాలు, కొనుగోళ్ళు, ఎవరు ఎంత బాకీ అన్న లెక్క, జీఎస్టీ. తర్వాత కార్మికుల హాజరు, జీతాలు, పీఎఫ్. ఆ తర్వాత డ్రాయింగులు. ఏ ఇనుము ఏ హీట్‌లో, అంటే ఏ విడత కరిగింపులో పోసింది, పరీక్షలో ఎంత గట్టిదనం చూపింది అని చెప్పే టెస్ట్ సర్టిఫికెట్లు. రెండేళ్ళ కిందట పంపిన ముక్క పగిలిందని కంపెనీ అడిగితే, జవాబు చెప్పాల్సింది ఆ సర్టిఫికెట్టే. అది దొరక్కపోతే తప్పు తనది కాదని కార్ఖానా యజమాని రుజువు చేసుకోలేడు.

చాలా ఆఫీసుల్లో బ్యాకప్ అంటే టాలీ డేటా ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడమే. అకౌంటెంటు సాయంత్రం ఇంటికి వెళ్ళేముందు ఎక్కించి జేబులో వేసుకుంటాడు. ఏమీ లేనిదానికన్నా అది నయమే. కానీ వైశాఖ మాసంలో సాయంత్రాలు ఇక్కడ కాల్‌బైశాఖీ గాలివానలు విరుచుకుపడతాయి. ఉరుములు, పిడుగులు. ఒక్క దెబ్బకు సర్వర్ మదర్‌బోర్డు, డిస్కు రెండూ కాలిపోయాయనుకుందాం. పెన్‌డ్రైవ్‌లో లెక్కలున్నాయి, సరే. వాటిని తెరవడానికి కొత్త మెషీన్ కావాలి, దాని మీద విండోస్ ఎక్కించాలి, డ్రైవర్లు వెతకాలి, టాలీ లైసెన్సు మళ్ళీ తెచ్చుకోవాలి, పదిమంది యూజర్లకు పాస్‌వర్డులు, ఎవరు ఏ ఫోల్డరు చూడొచ్చన్న హక్కులు, ప్రింటర్లు, హాజరు యంత్రంతో కనెక్షను అన్నీ మొదట్నుంచీ పెట్టుకోవాలి. ఇదివరకు పెట్టినవాడు ఉద్యోగం మానేసి ఏ పూణేకో వెళ్ళిపోయి ఉంటాడు. రోజులు పడుతుంది. ఈలోగా గేటు దగ్గర లారీ నిలబడి ఉంటుంది, ఇన్‌వాయిస్ లేకుండా సరుకు కదలదు.

పూర్తి సిస్టమ్ బ్యాకప్ ఈ అవస్థ తప్పించడానికే. అది ఫోల్డర్లను కాదు, మొత్తం సర్వర్‌ను ఉన్నదున్నట్టు నకలు తీస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, సెట్టింగులు, డేటా అన్నీ అందులోనే. మెషీన్ కాలిపోతే కొత్త పెట్టెను రికవరీ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి, ఆ నకలును దాని మీదికి దింపితే కొన్ని గంటల్లో పాత సర్వరే లేచి కూర్చుంటుంది. విండోస్ సర్వర్‌లో ఈ ఏర్పాటు 2008 వెర్షన్ నుంచి విండోస్ సర్వర్ బ్యాకప్ పేరుతో లోపలే ఉంది, విడిగా కొననక్కర్లేదు. లైనక్స్ వాళ్ళకు క్రాన్ ఉంది. 1979లో ఏడో వెర్షన్ యూనిక్స్‌తో వచ్చినప్పటి నుంచి క్రాన్ చేసే పని ఒక్కటే. నిమిషం, గంట, తేదీ, నెల, వారం అని అయిదు గడులు నింపి ఎదురుగా పని రాస్తే, ఆ వేళకు ఆ పని మొదలుపెడుతుంది.

వేళ ఎప్పుడు పెట్టాలన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. విండోస్ తనంతట తాను రాత్రి తొమ్మిది అని చూపిస్తుంది. చాలామంది దాన్నే ఉంచేస్తారు. కానీ ప్రతి నెలా 20వ తేదీ దగ్గర పడేసరికి జీఎస్టీ రిటర్ను గడువు ఉంటుంది. ఆ రోజుల్లో అకౌంట్స్ గదిలో పదిన్నరకు కూడా దీపం ఆరదు. తెరిచి ఉన్న ఫైలును సగం రాస్తుండగా నకలు తీస్తే ఏమవుతుందన్న భయానికి షాడో కాపీ అనే ఏర్పాటు ఉంది. అది ఒక్క క్షణంలో ఫైళ్ళ స్థితిని బిగబట్టి పట్టుకుంటుంది. నకలు ఆ క్షణానిదే అవుతుంది, పని చేసుకునేవాళ్ళు చేసుకుంటూనే ఉంటారు. అయినా అందరూ టాలీ మూసి వెళ్ళాక, వైరస్ స్కాను మొదలయ్యేలోగా ఉన్న ఖాళీ చూసి పెట్టుకోవడమే మంచిది. ఆదిత్యపూర్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో కూడా లెక్కలో ఉండాలి. యూపీఎస్ అరగంటే నిలబడేదైతే, రెండు గంటల బ్యాకప్ మధ్యలో కరెంటు పోయిన రాత్రి నకలు ఉండదు.

బ్యాకప్‌కు ఎన్ని గంటలు పడుతుందో ఎలా తెలుస్తుంది? లెక్క కట్టుకోవాలి. సర్వర్‌లో ఒక టెరాబైటు సమాచారం ఉందనుకుందాం. బయట పెట్టిన డిస్కు సెకనుకు 100 మెగాబైట్లు రాస్తే 10,000 సెకన్లు, అంటే దాదాపు రెండు గంటల ముప్పావు. పదకొండున్నరకు మొదలైతే రెండుంపావుకు ముగుస్తుంది. అదే డిస్కును ఎవరైనా ఊడదీసి తుడిచి మళ్ళీ పెట్టేటప్పుడు పెట్టె వెనక ఉన్న పాత యూఎస్‌బీ రంధ్రంలో పెట్టారంటే వేగం మూడో వంతుకు పడిపోతుంది. డిస్కు అదే, కేబులు అదే, మారిందల్లా రంధ్రం. ఎనిమిది, తొమ్మిది గంటలు పడుతుంది. పొద్దున ఎనిమిదింటికి అకౌంటెంటు వచ్చి కూర్చుంటే టాలీ నత్తనడక నడుస్తుంటుంది, సర్వర్ పాతబడిపోయిందని తిట్టుకుంటారు. నీలం రంగు రంధ్రం మామూలుగా వేగమైనది, నల్లది పాతది. ఈ ఒక్క సంగతి చూసుకుంటే ఎన్నో ఆఫీసుల్లో పొద్దుటి చికాకు తీరిపోతుంది. ఇంటర్నెట్ మీద క్లౌడ్‌కు పంపుదామంటే 100 మెగాబిట్ల లైను మీద అదే టెరాబైటుకు సుమారు 22 గంటలు. అందుకే క్లౌడ్‌కు మొదటిసారే మొత్తం పంపి, తర్వాత రోజూ మారినంత వరకే పంపుతారు.

ఇంతవరకూ యంత్రం పని. అసలు చిక్కు దీని తర్వాతే మొదలవుతుంది.

ఎవరూ లేనప్పుడు నడవాల్సిన పనిని సర్వర్ ఎవరో ఒకరి పేరు మీద నడపాలి. చాలాచోట్ల అది అడ్మినిస్ట్రేటర్ పేరు. వేళకు పని మొదలుపెట్టే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పని పెట్టేటప్పుడు ఆ పేరూ, పాస్‌వర్డూ అడుగుతుంది, ఇస్తారు. ఆరు నెలలకు మంచి అలవాటు ప్రకారం అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు మారుస్తారు. షెడ్యూలర్ దగ్గర మాత్రం పాతదే ఉండిపోతుంది. ఆ రాత్రి పదకొండున్నరకు సర్వర్ తలుపు తడుతుంది, తాళంచెవి సరిపోదు, ఆగిపోతుంది. మర్నాడూ అంతే. గంట మోగదు, తెర మీద ఎర్ర అక్షరాలు రావు. షెడ్యూలర్ తెరిచి చివరి ఫలితం అన్న గడి చూస్తేనే అక్కడ సున్నాకు బదులు ఏదో పొడుగాటి ఎర్రర్ కోడు కనిపిస్తుంది. ఎవరూ చూడకపోతే అది నెలల తరబడి అలాగే ఉంటుంది.

అలాంటి ఆఫీసులో ఒక సంభాషణ ఊహించుకోవచ్చు. స్టీలు ప్లాంటులో పనికని శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి మూడు తరాలుగా ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు ఈ ఊళ్ళో ఎన్నో. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, కద్మాలో ఆంధ్రా అసోసియేషన్ వాళ్ళు కట్టుకున్నవే. అలాంటి ఇంటి కుర్రాడు అకౌంట్స్ చూస్తున్నాడు. పెద్దాయన యజమాని.

"బ్యాకప్ ఉంది కదా బాబూ?"

"ఉందండీ, రోజూ రాత్రి వెళ్తుంది."

"చివరిసారి తెరిచి చూసిందెప్పుడు?"

కుర్రాడి దగ్గర దీనికి జవాబు లేదు. అతను అబద్ధమాడలేదు, బద్ధకించనూ లేదు. పెట్టిన పని నడుస్తూనే ఉంటుందని నమ్మాడు, అంతే.

ఈ నమ్మకం చిన్న ఊళ్ళ చిన్న ఆఫీసులదే అనుకుంటే పొరపాటు. ప్రోగ్రామర్లు తమ కోడును దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థలో 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజనీరు అలసటలో ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డరు చెరిపేశాడు. సెకన్లలో గుర్తించి ఆపాడు, కానీ అప్పటికే 300 గిగాబైట్లలో మిగిలింది నాలుగున్నర. సరే, బ్యాకప్ నుంచి తెచ్చుకుందామని చూశారు. రోజూ నకలు తీసి క్లౌడ్‌లో పెట్టాల్సిన పని ఉంది, కానీ క్లౌడ్‌లో ఆ గది ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షను, నకలు తీసే పనిముట్టు 9.2. రెంటికీ పొసగక ప్రతి రాత్రీ పని విఫలమవుతూనే ఉంది. విఫలమైందని ఈమెయిల్ కూడా వెళ్తూనే ఉంది. కానీ ఆ మెయిల్‌కు సరైన డిజిటల్ సంతకం లేక అవతలి సర్వర్ దాన్ని తిప్పికొట్టేది. అంటే యంత్రం రోజూ తప్పు చెప్పుకుంటూనే ఉంది, ఆ మాట ఎవరి చెవికీ చేరలేదు. చివరికి వాళ్ళను ఆదుకున్నది, ఆరు గంటల ముందు మరో పని కోసం ఒక ఉద్యోగి చేత్తో తీసిన నకలు. ఆ ఆరు గంటల్లో జనం రాసుకున్నది పోయింది. గిట్‌ల్యాబ్ ఇదంతా దాచకుండా లోకానికి చెప్పింది, మరమ్మతును యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది కూడా. ఆ నిజాయితీ వల్లే ఇవాళ ఆదిత్యపూర్‌లో కూర్చుని దాన్నుంచి నేర్చుకోగలుగుతున్నాం.

ఇదే కథలో ఆ మెయిల్ సంగతి మరచిపోకూడదు. విఫలమైతేనే కబురు పంపమని పెడితే, కబురు రానంత కాలం అంతా బాగుందనుకుంటాం. కబురు తెచ్చేవాడే దారిలో ఆగిపోతే? అందుకని బాగా ముగిసిన రోజున కూడా ఒక మెయిల్ రావాలి. పొద్దున తొమ్మిదికి అది రాకపోతే ఏదో జరిగిందన్నమాట. మెయిల్‌తో పాటు ఎన్ని గిగాబైట్లు రాసింది, ఎంతసేపు పట్టింది అన్నవి కూడా ఉంటే మరీ మంచిది. నిన్న 400 గిగాబైట్లు, ఇవాళ నాలుగు అంటే వెంటనే లేచి చూడాలి.

మరో వైపు ముప్పు బయటినుంచి వస్తుంది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ 150 దేశాల్లో కంప్యూటర్ల ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా కొన్ని జిల్లాల్లో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఈ జాతి వైరస్ షాడో కాపీలను చెరిపేస్తుంది. మెషీన్‌కు తగిలించి ఉన్న ప్రతి డిస్కులోకీ వెళ్తుంది. అంటే రోజూ రాత్రి ఎంతో శ్రద్ధగా రాసిన బ్యాకప్ డిస్కు యూఎస్‌బీకి అలాగే తగిలించి ఉంటే, దానికీ తాళమే.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు ఇలాగే తాళాల్లో చిక్కుకున్నాయి. ఓపీ చీటీలు, అపాయింట్‌మెంట్లు, పరీక్షల ఫలితాలు రోజుల తరబడి చేత్తో రాశారు. ఆ ఆస్పత్రి మళ్ళీ కోలుకున్నదెలాగో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ మిగిలింది, ఇ-హాస్పిటల్ సమాచారమంతా దాన్నుంచే కొత్త సర్వర్ల మీదికి తెచ్చుకున్నారు. అంత పెద్ద ఆస్పత్రిలో రోగుల వివరాలు నిలిచాయంటే ఆ ఒక్క నకలు దాడికి దూరంగా ఉండడం వల్లే.

దూరం అంటే ఎంత? పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ తన బొమ్మలు కాపాడుకోవడానికి చెప్పిన 3-2-1 లెక్క ఇప్పుడు కంప్యూటర్ల వాళ్ళందరి నోటా ఉంది. సమాచారం మూడు చోట్ల, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఊరవతల. ఆదిత్యపూర్ కార్ఖానాకు దీన్ని అనువదిస్తే ఖర్చు పెద్దగా లేదు. రెండు డిస్కులు కొనాలి, ఒకదాని మీద సోమ అని, మరోదాని మీద గురు అని మార్కర్‌తో రాయాలి. సోమవారం పొద్దున గురు ఊడదీసి సోమ తగిలిస్తారు, గురువారం పొద్దున అటూ ఇటూ మారుస్తారు. ఊడిన డిస్కు ఖర్కాయ్ వంతెన దాటి యజమాని ఇంటి బీరువాలోకి వెళ్తుంది. ఏ రోజు చూసినా ఒకటి సర్వర్ దగ్గర, ఒకటి ఇంట్లో. విండోస్ సర్వర్ బ్యాకప్ రెండు డిస్కులనూ గుర్తుంచుకుంటుంది, ఏది తగిలిస్తే దాని మీద రాస్తుంది. అయితే డిస్కు మొదటిసారి అప్పగించినప్పుడు అది దాన్ని ఫార్మాట్ చేస్తుంది. పిల్లల పెళ్ళి ఫొటోలున్న డిస్కు ఇస్తే అవి పోయినట్టే.

ఇంట్లో డిస్కు ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. వానాకాలంలో సువర్ణరేఖ, ఖర్కాయ్ పొంగితే బాగ్‌బేడా, కద్మా, మాంగోల్లోని పల్లపు బస్తీల్లోకి నీళ్ళు వస్తాయి. కార్ఖానా నది ఒడ్డునే, ఇల్లూ నది ఒడ్డునే అయితే ఊరవతల అన్న మాటకు అర్థం లేదు. నెలకొక డిస్కు విశాఖలో బంధువుల ఇంటికి వెళ్ళినా తప్పులేదు. ఆ డిస్కుకు పాస్‌వర్డు తాళం ఉండాలి. అందులో కార్మికుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఉన్నాయి.

నెట్‌వర్క్‌లో మరో కంప్యూటర్ ఫోల్డరులోకి బ్యాకప్ పంపేవాళ్ళకు ఒక హెచ్చరిక. అలా పెడితే విండోస్ సర్వర్ బ్యాకప్ ప్రతి రాత్రీ నిన్నటి నకలు మీదే ఇవాళ్టిది రాస్తుంది. పాతవి మిగలవు. ఏప్రిల్‌లో చెడిపోయిన ఫైలును జూన్‌లో గమనిస్తే, చెడిన నకలే దొరుకుతుంది. పెద్ద సంస్థలు టేపుల కాలం నుంచి తాత, తండ్రి, కొడుకు అన్న పద్ధతి పాటిస్తున్నాయి. రోజువారీ నకలు కొడుకు, వారానిది తండ్రి, నెలాఖరుది తాత. కొడుకులు వారంలో మారిపోతారు, తాతలు ఏళ్ళ తరబడి బీరువాలో ఉంటారు.

తాతలు అవసరమేనా అంటే చట్టం అవసరమనే అంటోంది. జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థలు పద్దులు 8 ఆర్థిక సంవత్సరాలు దాచాలి. కంప్యూటర్‌లో పద్దులు ఉంచుకునే కంపెనీలు నిర్ణీత వ్యవధికోసారి బ్యాకప్ తీస్తే చాలునని 2014 నాటి నియమాలు చెప్పేవి. 2022 ఆగస్టులో ఆ మాట మారింది. ఇప్పుడు ప్రతిరోజూ తీయాలి, అది మనదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉండాలి. రోజూ అంటే ఆదివారం, విశ్వకర్మ పూజ, టుసు పండుగ కూడా. మనుషులు లేని రోజున కూడా జరగాలంటే షెడ్యూలు పెట్టుకోవడం తప్ప దారి లేదు.

ఇక తెరిచి చూడడం. పెద్దాయన అడిగిన ప్రశ్న అదే కదా. నెలకొకసారి, ఏ శనివారం మధ్యాహ్నమో, ఇంట్లో ఉన్న డిస్కు తెప్పించాలి. పాత డెస్క్‌టాప్ ఒకటి ఇందుకోసమే పక్కన పెట్టుకోవాలి, దాన్ని ఆఫీసు నెట్‌వర్క్‌కు తగిలించకూడదు. రికవరీ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టి నకలును దాని మీదికి దింపాలి. తెర మీద ఆఫీసు సర్వర్ పేరే వస్తే సగం పని అయినట్టు. మెషీను మారింది కాబట్టి కొన్నిసార్లు డిస్కు డ్రైవరు అడుగుతుంది. అది ఏదో ఆ రోజే తెలిస్తే మంచిది, పిడుగు పడ్డ రోజు కాదు. అప్పుడు టాలీ తెరిచి, కిందటి ఏప్రిల్‌లో ఒక ఇన్‌వాయిస్ నంబరు చెప్పి వెతకమనాలి. పక్కన కాగితం ఫైల్లో అదే నంబరు ఇన్‌వాయిస్ పెట్టుకుని సరుకు, పరిమాణం, పన్ను, మొత్తం ఒక్కో వరుసా సరిచూసుకోవాలి. ఆ తర్వాత ఒక డ్రాయింగు, ఒక టెస్ట్ సర్టిఫికెట్.

మొత్తం ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోవాలి. కార్ఖానా షాపుల్లో ఉండేలాంటి గట్టి అట్ట లాగ్‌బుక్కు ఒకటి సర్వర్ పక్కన మేకుకు దారంతో వేలాడదీస్తే చాలు. తేదీ, ఏ డిస్కు, ఎన్ని గిగాబైట్లు, ఎన్ని గంటలు, తెరుచుకుందా లేదా, ఎవరు చూశారు అన్న గళ్ళు ఉంటే సరి. తేదీ పక్కన తెరుచుకోలేదని రాయాల్సి వచ్చిన రోజున, సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేలోగా కారణం వెతికి సరిచేసి, మళ్ళీ నకలు తీసి, ఆ వరుస కిందే రెండో వరుస రాయొచ్చు. సంతకానికి అకౌంటెంటు పేరు చాలదు, పెద్దాయన కూడా పెట్టాలి.